గాజుల హలీమా చెయ్యి

ఏలూరు తంగెళ్ళమూడిలో తివాచీలు నేసే ఇళ్ళ వరసలో చివరి ఇల్లు మొహిద్దీన్‌ది. మగ్గం ముందు కూర్చున్నాడంటే ఇల్లు అంటుకున్నా తల ఎత్తే మనిషి కాడు. కానీ ఆ ఇంటికి పేరు వచ్చింది ఆయన వల్ల కాదు, ఆయన భార్య వల్ల. పవరుపేట స్టేషనులో దిగి "గాజుల హలీమా ఇల్లెక్కడండీ" అని అడిగితే చాలు, జట్కావాడు బేరం కూడా ఆడకుండా ఎక్కించుకునేవాడు. మా అమ్మకి పెళ్ళిగాజులు తొడిగింది ఆవిడే. ఆ సంగతి మా అమ్మ పెళ్ళికొచ్చిన నగల కంటే గొప్పగా చెప్పుకునేది.

తెల్లవారగానే బుట్ట నెత్తిన పెట్టుకుని, తాళ్ళకి గుచ్చిన గాజుల మలారం భుజాన వేసుకుని బయలుదేరేది హలీమా. దెందులూరు, గుండుగొలను, వాటి చుట్టుపక్కల పల్లెలు ఆవిడవి. వేసవిలో కొల్లేరు తగ్గాక లంకల్లోకి కూడా వెళ్ళేది. వాళ్ళ ఇంట్లో మాట్లాడేది తెలుగే. నమాజు వేళకు ఏ రైతు అరుగు కనబడితే ఆ అరుగు మీద గుడ్డ పరుచుకునేది. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. అనుకుంటే వాళ్ళింట్లో ఆడవాళ్ళు ఊరుకునేవారు కాదు.

ఆవిడ ఎవరినీ సైజు అడిగేది కాదు. చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకునేది, అంతే. బొటనవేలి కింద ఎముకను మెల్లగా నొక్కుతూ, వేళ్ళు ఒక్కొక్కటి మడుస్తూ, కబుర్లలో పెట్టేది. పక్క ఊళ్ళో ఎవరి గేదె ఎవరి చేలో పడిందో, దాని మీద ఎంత రగడ అయిందో చెబుతూ ఉండగానే గాజు మణికట్టు దగ్గరికి వచ్చేసేది. "అయ్యో, ఎప్పుడెక్కిందే!" అని ఆడపిల్లలు ఆశ్చర్యపోతే పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

అన్నిటికంటే పెద్ద పని ఏడోనెల గాజులు. కడుపుతో ఉన్న పిల్లకు ఆకుపచ్చ గాజులు తొడిగితే పురుడయ్యేదాకా తియ్యకూడదు. పురుడయ్యాక అవి మంత్రసానికి చెందుతాయి. అవి ఎవరు పడితే వాళ్ళు తొడగకూడదనీ, మంచి చెయ్యి తొడిగితే సుఖప్రసవం అవుతుందనీ మా వైపు గట్టి నమ్మకం. హలీమా చెయ్యి మంచిదని ఎప్పుడో, ఎవరో అన్నారు. ఇక హిందువులూ తురకలూ అని లేదు, ఆవిడ కోసం వేడుకలు వాయిదా వేసుకునేవారు. పేరు ఇచ్చేటప్పుడు మనవాళ్ళు వెనకా ముందూ చూడరు. తీసుకునేటప్పుడు అసలే చూడరు.

హలీమాకు నిలిచింది ఒక్కతే కూతురు, సుల్తానా. ముందు పుట్టినవాళ్ళు ఎవరూ దక్కలేదు. అందుకని ఆ పిల్లను ఒళ్ళోంచి దించేది కాదు. కొత్తరకం గాజులు వస్తే ముందు సుల్తానా చేతికి ఎక్కించి చూడాల్సిందే. పెద్దమనిషి అయ్యాక కూడా ఆ పిల్ల తల్లి చెయ్యి తన చెంప కింద పెట్టుకునే నిద్రపోయేది. తాడేపల్లిగూడెంలో బియ్యంమిల్లులో పనిచేసే జానీకి ఇచ్చి నిఖా చేశారు. అల్లుడు నెమ్మదస్తుడు. పిల్ల సుఖంగానే ఉంది. సుల్తానా పుట్టాక హలీమా బతుకులో చెప్పుకోదగ్గ కష్టం ఏమిటంటే ఎండలో నడవడమే.

పందొమ్మిది వందల ముప్పై నాలుగో సంవత్సరం మాట. గుండుగొలనులో వీరరాఘవమ్మగారని కలిగిన ఇల్లాలు. చేల పని, పాడి, పనివాళ్ళు అంతా ఆవిడ చేతిమీదుగానే నడిచేది. కోడలు రాజ్యానికి తొలి చూలు. ఏడోనెల గాజులకి హలీమా వెళ్ళింది. రాజ్యం చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎప్పటిలా నొక్కితే బొటనవేలు లోపలికి దిగింది. వేలు తీసినా గుంట తొందరగా పూడలేదు. మొహం కూడా ఉబ్బినట్టుంది.

"ఏమ్మా, చెయ్యి ఇంత నిండుగా ఉంది? అత్తగారు నెయ్యి పోసి పెంచుతున్నారా?" అంది హలీమా.

"తలనెప్పి మాత్రం వదలడం లేదు హలీమమ్మా," అంది రాజ్యం.

"ఎండలు కదమ్మా. పురుడైతే అన్నీ అవే పోతాయి."

ఒక సైజు పెద్దగాజులు తీసి, సబ్బునురుగు రాసి తొడిగింది. అందరూ నవ్వారు. వీరరాఘవమ్మగారు పసుపూ కుంకుమా చీరా పెట్టి పంపారు. హలీమా మాటలో తప్పేమీ లేదు. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో ఎవరిని అడిగినా అదే చెప్పేవారు.

నెల్లాళ్ళు తిరక్కుండానే రాజ్యానికి గుర్రపువాతం వచ్చింది. కడుపుతో ఉన్న మనిషి ఉన్నట్టుండి కళ్ళు తేలేసి, పళ్ళు బిగబట్టి, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మా వైపు ప్రతి ఊరికీ తెలుసు. ఊరందరికీ తెలిసింది దాని పేరే, కారణం కాదు. బండి కట్టుకుని ఏలూరు మిషనాసుపత్రికి తెచ్చేసరికి ఆలస్యమైపోయింది. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. కబురు విని హలీమా పరుగున వెళ్ళింది. ఆసుపత్రి వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చున్న వీరరాఘవమ్మగారు ఆవిణ్ణి చూసి లేచారు.

"నీ చెయ్యి మంచిదని నమ్మి పిలిచానే! బంగారంలాంటి పిల్లని నీ చేతుల్లో పెట్టానే! ఏం చెయ్యే నీది? ఇంకెప్పుడూ ఏ కడుపుతో ఉన్న పిల్లనీ ముట్టుకోకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను."

తిట్టినా బాగుండేది. అంత మనిషి నిజంగానే చేతులెత్తి దణ్ణం పెట్టారు. హలీమా అక్కడే కూలబడిపోయింది.

ఆవిణ్ణి లేపి లోపలికి తీసుకెళ్ళింది ఎస్తేరమ్మ అనే నర్సు. మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టింది. "ఆవిడ కడుపుకోతతో అన్న మాట అదమ్మా. మీ చేతికీ దీనికీ సంబంధం లేదు," అని, గోడవార ఉన్న చెక్కపెట్టె తెరిచి చూపించింది. అందులో గాజుగొట్టం, పాదరసం, గుడ్డపట్టీ, రబ్బరు బుడ్డి. పట్టీ హలీమా జబ్బకు చుట్టి బుడ్డి నొక్కితే గొట్టంలో పాదరసం పైకి పాకింది.

"దీంతో రక్తపుపోటు చూస్తామండీ. మీకు బాగానే ఉంది. కడుపుతో ఉన్నవాళ్ళల్లో కొందరికి పోటు విపరీతంగా పెరుగుతుంది. ఎందుకు పెరుగుతుందో మా దొరసాని డాక్టరుగారికి కూడా ఇదమిత్థంగా తెలీదు. పెరిగితే మాత్రం చేతులూ మొహం వాస్తాయి, తల పగిలిపోతుంది, కళ్ళముందు మెరుపులు మెరుస్తాయి. ఆ గుర్తులు చూసి ముందే తీసుకొస్తే మంచమ్మీంచి దిగనివ్వకుండా, ఉప్పు మానిపించి, పాలమీద ఉంచి చాలామందిని గట్టెక్కిస్తాం. వాతం వచ్చాక తెస్తే మా చేతుల్లో ఉండదమ్మా. ఊరూరా తిరిగేవారు కదా, అలాంటి చెయ్యి తగిలితే మా దగ్గరికి పంపండి."

ఆ పూట హలీమాకి రెండు మాటలు దొరికాయి. ఎస్తేరమ్మ మాట చెవికెక్కింది. వీరరాఘవమ్మగారి మాట గుండెలో దిగింది. చెవికెక్కిన మాటను మనిషి మర్చిపోకపోవచ్చు, కానీ రాత్రీ పగలూ వెంటాడేది రెండోదే.

తరవాత ఏడోనెల గాజులకి పిలుపులు తగ్గిపోయాయి. గుండుగొలను నుంచి దెందులూరు ఎంత దూరం గనక, మాట పాకిపోయింది. పండగలకి పెళ్ళికాని పిల్లలకి తొడుగుతూ, చూలాలు ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోతూ ఎలాగో నెట్టుకొచ్చింది. మరుసటి వేసవిలో కొల్లేరు లంకకి వెళ్ళింది. అక్కడికి ఆ మాట ఇంకా చేరలేదు. చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో వరాలు అనే పిల్ల, నిండు మనిషి, గాజులు కావాలని ముందుకొచ్చింది.

"నేను తొడగనమ్మా, సైజులు లేవు," అంది హలీమా.

"ఆ బుట్టనిండా ఉన్నవేంటమ్మా, వంకాయలా?" అని వరాలు అత్తగారు నవ్వి, కోడలి చెయ్యి లాగి హలీమా చేతుల్లో పెట్టేసింది.

బొటనవేలు లోపలికి దిగింది. అచ్చం రాజ్యం చెయ్యే. హలీమా బుట్ట అక్కడే వదిలేసి కేకలు పెట్టింది. కళ్ళముందు మెరుపులు మెరుస్తున్నాయా అని అడిగితే, చేపపొలుసుల్లాంటివి కనబడుతున్నాయని చెప్పింది పిల్ల. వరాలు మొగుడు దోనె తీశాడు. కిక్కిస పొదల్లోంచి తోసుకుంటూ, గట్టెక్కి బండి మాట్లాడుకుని, ఆసుపత్రికి చేర్చారు. వరాలు రోజుల తరబడి మంచం మీదే ఉంది. బిడ్డ దక్కలేదు. వరాలు బతికింది.

"చూశారా? మీరు పట్టుకోబట్టే ఈ పిల్ల బతికిందమ్మా," అంది ఎస్తేరమ్మ సంబరంగా.

"నేను పట్టుకోబట్టే వచ్చిందండీ," అంది హలీమా.

"అదేం మాటండీ! అది ముందునుంచీ ఒంట్లో ఉంది. మీరు కనిపెట్టారు."

"రెండోసారి కదండీ. నేను ముట్టుకున్నాకే కదండీ బయటపడింది."

నాకు ఇక్కడే ఒళ్ళు మండుతుంది. చీకట్లో దీపం పట్టుకెళ్తే మూల తేలు కనబడిందనుకోండి, ఆ తేలును దీపమే తెచ్చిందనుకుంటారా ఎవరైనా? హలీమా అనుకుంది. తెలివితక్కువ మనిషి కాదు. తన చెయ్యి మంచిదని లోకం అన్నన్నాళ్ళూ నమ్మిన మనిషి, చెడ్డదని అంటే ఎలా నమ్మకుండా ఉంటుంది? మంచిదనడం కూడా అబద్ధమేనని ఆవిడకి ఎవరు చెప్పారు? మనం చెప్పలేదు.

ఆ ఏడు వానలు వెనకపట్టాక సుల్తానా తొలి పురిటికి పుట్టింటికి వచ్చింది. జానీ స్టేషనులో దింపి మళ్ళీ బండికే వెళ్ళిపోయాడు. ప్లాట్‌ఫారం మీద తల్లిని చూసి సుల్తానా చేతులు చాపుకుంటూ వస్తే, హలీమా గబుక్కున వంగి గుడ్డలమూట ఎత్తుకుంది.

"చేతులు మురికిగా ఉన్నాయే. పద, ఇంటికి పద."

ఇంటికొచ్చాక కూడా అంతే. తలకి నూనె పెట్టడానికి, నీళ్ళు పొయ్యడానికి పక్కింటి మంత్రసాని వెంకటనరసమ్మను పిలిచేది. అన్నం కంచం కూతురి ముందు పెట్టి దూరంగా జరిగేది. పిల్లకి ఇష్టమని ఎండుచేపలు వేయించేది, చింతకాయపచ్చడి నూరేది. వంట చేసిన చెయ్యి పరవాలేదనుకుందో ఏమో, ఆ లెక్క ఆవిడకే తెలియాలి.

"ఏంటమ్మా, నాకేమన్నా మైలంటిందా? ఒక్కసారి కూడా దగ్గరికి రావు," అంది సుల్తానా ఓ రోజు నవ్వుతూనే.

"పెద్దదానివయ్యావు, పిల్లతల్లివి కాబోతున్నావు. ఇంకా ఒళ్ళో కూర్చుంటావా?" అంది హలీమా కూడా నవ్వుతూనే.

అసలు సంగతి చెప్పొచ్చు కదా అంటారు. చెప్పాలంటే, "నా చెయ్యి తగిలితే నువ్వు చచ్చిపోతావేమో" అని కడుపుతో ఉన్న కూతురి ముందు అనాలి. ఏ తల్లి అంటుంది? అలాంటి మాట పైకి అంటేనే జరిగిపోతుందని భయం. సంగతి మొహిద్దీన్‌కి ఒక్కడికే తెలుసు. ఆయన మగ్గం మీంచి ఒక రోజు చెయ్యి ఆపి అన్నాడు.

"అంతా అల్లా చేతుల్లో ఉందే. నీ చేతుల్లో ఏముంది? పిల్ల చిన్నబుచ్చుకుంటోంది. ఒక్కసారి దగ్గరికి తీసుకో."

"రెండుసార్లు చూశాను కదండీ. మూడోసారి నా పిల్ల మీద చూడమంటారా?"

ఆయన మళ్ళీ తివాచీ ముడులు వెయ్యడంలో పడిపోయాడు. ఆయనకీ లోపల ఎక్కడో భయం ఉంది.

ఏడోనెల గాజులకి ఏడుకొండలు అని తూర్పువీధిలో గాజుల కొట్టున్నాయన్ని పిలిపించారు. గాజుల హలీమా కూతురికి ఇంకొకరు గాజులు తొడగడమేమిటని పేటంతా ముక్కున వేలేసుకుంది. హలీమా వంటింటి గుమ్మం దాటలేదు. అక్కణ్ణించి చూస్తోంది. ఏడుకొండలు మొదటి గాజు పట్టుకుని ప్రయత్నించాడు. ఎక్కలేదు. ఇంకో సైజు తీశాడు. చెంబులో సబ్బు కలపమన్నాడు. హలీమా ఒక అడుగు ముందుకేసింది, ఆగిపోయింది. వేడుకకి వచ్చిన ఆడవాళ్ళు నవ్వుతున్నారు. సుల్తానా పెదవి కొరుక్కుంటూ తల్లి వైపే చూస్తోంది.

ఆయన వెళ్ళిపోయేటప్పుడు వీధిగుమ్మంలో అడిగింది.

"ఏవండీ ఏడుకొండలుగారూ, చెయ్యి ఎలా ఉందండీ?"

"లక్ష్మీదేవి చెయ్యమ్మా! ఒక్క గాజు చిట్లలేదు చూశారా?"

"సబ్బు వాడారు కదండీ."

"నిండుచెయ్యి కదమ్మా. నా పనితనం మీకు తెలీదా ఏంటి?"

ఆయన ధ్యాస అంతా తన పనితనం మీద ఉంది. వేలు దిగిందా, గుంట పడిందా అని, శుభమా అంటూ గాజులు వేసుకున్న పూట వీధిలో నిలబడి ఎలా అడుగుతుంది? తరవాత వెంకటనరసమ్మను అడిగింది.

"ఒట్టి మనుషులకే పొద్దస్తమానం నిలబడితే నీరు దిగుతుందమ్మా. కడుపుతో ఉన్నదానికి దిగదా? నువ్వు ఊరికే భయపడి పిల్లని భయపెట్టకు వదినా."

సుల్తానా మొహం నిండుగా వచ్చింది. పుట్టింటి కూడు వంటబట్టిందని చూసినవాళ్ళందరూ అన్నారు. హలీమాకి ఆ మాట నమ్మాలని ఉంది. కానీ పడుకుంటే నిద్ర పట్టేది కాదు. ఆసుపత్రికి తీసుకెళ్దామని ఒకటికి రెండుసార్లు అంది. "తింటోంది, తిరుగుతోంది, ఏమని చెప్పి తీసుకెళ్తాం?" అన్నాడు మొహిద్దీన్. వెంకటనరసమ్మ అయితే తన మంత్రసానితనాన్ని అనుమానిస్తున్నారని అలిగింది. గట్టిగా చెప్పడానికి హలీమా దగ్గర ఒక్కటే దారి ఉంది. ఆ చెయ్యి పట్టుకుని ఒక్కసారి నొక్కితే చాలు, ఉందో లేదో తేలిపోతుంది. ఉందని తేలితే మొగుణ్ణీ, మంత్రసానినీ, పేటనీ లెక్కచెయ్యకుండా అప్పుడే జట్కా ఎక్కించేది. కానీ లేనిది తన చెయ్యి తగిలి వస్తే? కూతురు నిద్రపోతుంటే మంచం పక్కన కూర్చుని, చెయ్యి చాపి, మళ్ళీ ఒళ్ళోకి తీసేసుకునేది. ఇంతకంటే నరకం ఉంటుందా?

ఒక మధ్యాహ్నం సుల్తానా తలకి గుడ్డ కట్టుకుని పడుకుంది.

"అమ్మా, తల పగిలిపోతోందే. కాస్త నుదురు నొక్కవూ?"

హలీమాకి ఎస్తేరమ్మ చెప్పిన గుర్తులన్నీ వరసగా గుర్తొచ్చాయి.

"ఎప్పణ్ణించే? కళ్ళముందు ఏమైనా మెరుస్తోందా?"

"నువ్వు నొక్కితే తగ్గిపోతుందమ్మా. నొక్కు."

"ఉండు, వెంకటనరసమ్మని పిలుస్తాను."

సుల్తానా కాసేపు తల్లి వంక చూసింది. తరవాత గోడ వైపు తిరిగి పడుకుంది. "వద్దులే. ఏమీ లేదు," అంది. సాయంత్రం అడిగితే తగ్గిపోయిందంది. మర్నాడు అడిగినా, ఆ మర్నాడు అడిగినా ఏమీ లేదనే అంది. మెరుపులు లేవంది. బాగానే ఉన్నానంది. ఆ పిల్ల అన్నీ అబద్ధాలే చెప్పింది. తల్లికి తన మీద ఎందుకో మనసు విరిగిపోయిందనుకుంది. మనసు విరిగిన మనిషికి నొప్పి చెప్పుకోవడం ఎందుకని ఊరుకుంది. మందులూ మంత్రసానులూ తరవాత సంగతి, ఆ ఇంట్లో ఒకరికొకరు ఒక్క నిజం చెప్పుకుని ఉంటే ఆ పిల్ల బతికేదేమోనని ఇప్పటికీ అనుకుంటూనే ఉంటాను.

ఆ శుక్రవారం పొద్దున్న హలీమా వాకిట్లో పొయ్యి రాజేస్తోంది. ఎండ బారెడు వచ్చింది. సుల్తానా గోడ పట్టుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అమ్మా, ఇంకా తెల్లారలేదా?"

హలీమా తల ఎత్తింది. ఎండ సరిగ్గా కూతురి మొహం మీదే పడుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"అమ్మా, ఎక్కడున్నావు?" అని చెయ్యి చాపుతూనే సుల్తానా బిగుసుకుపోయింది. దవడ పక్కకి లాగేసింది. హలీమా పరుగెత్తి, పడిపోతున్న కూతుర్ని రెండు చేతులా పట్టుకుంది. ఆ చేతులకి అప్పుడు తెలిసింది. మణికట్టు, ముంజేయి, భుజం, ఎక్కడ పట్టుకుంటే అక్కడ వేళ్ళు దిగిపోతున్నాయి. ఒక్క రోజులో వచ్చింది కాదు. ఎప్పటినుంచో ఉంది. తను ముట్టుకోక ముందునుంచే ఉంది.

"నా చెయ్యి కాదండీ! నా చెయ్యి వల్ల కాదండీ!" అని అరిచింది. మగ్గం దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చిన మొహిద్దీన్‌కి ఆ కంగారులో ఆ మాట తలకెక్కలేదు.

జట్కాలో వేసుకుని తీసుకెళ్ళారు. దారిలో ఇంకోసారి వచ్చింది. ఆసుపత్రిలో దొరసాని పట్టీ కట్టి చూసి, పెదవి బిగించి, సూదిమందు ఇచ్చింది. కిటికీలకి నల్లగుడ్డలు వేసిన గదిలో పడుకోబెట్టారు. ఎస్తేరమ్మ తప్ప ఎవరూ రాకూడదన్నారు. హలీమా ఆవిడ కాళ్ళ మీద పడింది.

"ఒక్కసారి చెయ్యి పట్టుకోనివ్వండమ్మా. ఇన్ని నెలలుగా పట్టుకోలేదు."

ఎస్తేరమ్మ ఆలోచించి ఒప్పుకుంది. "లోపల చెప్పుల చప్పుడు కూడా కాకూడదమ్మా. ఈ జబ్బులో వెలుతురు పడినా, మాట వినబడినా మళ్ళీ వాతం వస్తుంది. చెయ్యి పట్టుకుని కూర్చోండి. నోరు మాత్రం విప్పకండి. పిల్ల పిలిచినా సరే."

హలీమా చీకట్లో మంచం పక్కన కూర్చుంది. కూతురి చెయ్యి తీసుకుని తన రెండు చేతుల్లో పెట్టుకుంది. గాజులు కండలోకి దిగిపోయి ఉన్నాయి. చాలాసేపటికి సుల్తానా కదిలింది. చూపు రాలేదు. మాట మాత్రం నెమ్మదిగా, స్పష్టంగానే వచ్చింది.

"ఎవరండీ? నర్సమ్మగారా?"

గుమ్మంలో నిలబడిన ఎస్తేరమ్మ పెదవి మీద వేలు పెట్టి చూపించింది.

"మీ చెయ్యి బాగుందండీ. కాసేపు అలాగే ఉంచండి." మళ్ళీ అంది. "మా అమ్మ బయట ఉందేమో చూస్తారా? లోపలికి రమ్మనండి. నన్ను ముట్టుకోనక్కర్లేదని చెప్పండి. ఊరికే పక్కన కూర్చుంటే చాలు."

హలీమా పమిటచెంగు నోట్లో కుక్కుకుంది. ఒక్క మాట. "నేనేనే" అంటే చాలు. ఆ మాటకి వాతం వస్తుందన్నారు. నోరు విప్పలేదు. కూతురి చేతిని మొహానికి అదుముకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంది. సుల్తానా ఇంకోసారి "అమ్మని పిలుస్తారు కదండీ" అంది. అంతే, ఇంకేమీ అనలేదు. హలీమా మాట్లాడకపోయినా వాతం ఆగలేదు. వరసగా వచ్చింది. మధ్యాహ్నం నమాజు పిలుపు వినబడేవేళకి సుల్తానా పోయింది. బిడ్డ లోపలే పోయింది.

తరవాత హలీమా చాలా ఏళ్ళు బతికింది. గాజులు మళ్ళీ నెత్తికెత్తుకుంది. తన చెయ్యి మంచిదా చెడ్డదా అన్న ఆలోచన ఆవిడకి పోయింది. పిలిచినా పిలవకపోయినా, తిట్టినా, కడుపుతో ఉన్న పిల్ల కనబడితే వెళ్ళి చెయ్యి పట్టుకుని నొక్కి చూసేది. ఒకసారి గుండుగొలనులో వీరరాఘవమ్మగారి మేనకోడల్ని కూడా అలాగే పట్టుకుంది. వీరరాఘవమ్మగారు చూసి, అడ్డం రాకుండా లోపలికి వెళ్ళిపోయారు. వేలు దిగిన ప్రతి పిల్లనీ దగ్గరుండి ఆసుపత్రికి తెచ్చేది. కొందరు బతికారు, కొందరు బతకలేదు. ఆవిణ్ణి దీవించినవాళ్ళు ఉన్నారు. ఆ దీవెనలు ఆవిడకి వినబడ్డాయని నేను అనుకోను.

ఎందుకంటే వచ్చినప్పుడల్లా, ఎస్తేరమ్మ ఆ పిల్ల జబ్బకి పట్టీ చుడుతూ ఉండగా, పక్కన నిలబడి మెల్లగా ఒకటే అడిగేది.

"ఏవండీ, ఆవేళ నేనని దానికి తెలిసిందంటారా?"

"తెలిసే ఉంటుందమ్మా. కన్నతల్లి చెయ్యి తెలీకుండా ఉంటుందా?" అనేది ఎస్తేరమ్మ ప్రతిసారీ.

"తెలిస్తే, మా అమ్మని పిలవమని ఎందుకడుగుతుందండీ?"

ఎస్తేరమ్మ తల వంచుకుని రబ్బరు బుడ్డి నొక్కుతూ ఉండేది.